ఫోస్సామారా మీద నా పేరు

ఈ ఉదయం ఏడున్నరకు, రద్దయిన కోర్వాల్తా ప్రావిన్సు మా ఫ్లాటుకు వస్తుంది. కొండ మెట్లెక్కి వస్తుంది. నది లిఫ్టులో వస్తుంది. కౌన్సిలు సభ్యులు ఇరవై నలుగురు గుమ్మం దగ్గర బూట్లు విడిచి, ఎవరి జతలో వారు పేరు చీటీ పెట్టుకుని, వరసగా లోపలికి నడుస్తారు.

ఇందులో అక్రమమేమీ లేదు. రద్దు ఉత్తర్వు మూడో నిబంధన ప్రకారం, ఏ నేలనైనా రద్దు చేసినప్పుడు దానిని అది వర్ణింపబడిన చోట భద్రపరచాలి. ఇటలీలోని ఈ చిన్న ప్రావిన్సును మొదటినుంచి చివరిదాకా వర్ణించిన పుస్తకం ప్రపంచంలో ఒక్కటే మిగిలింది. అది 1972లో విశాఖపట్నంలో నేను సమర్పించిన సిద్ధాంత గ్రంథం. పేరు 'కోర్వాల్తా ప్రావిన్సు: భౌగోళిక స్వరూపం, పరిపాలన'. మూడు వందల పన్నెండు పేజీలు, చివర ఒక మడత పటం.

మా ఫ్లాటు పదకొండు వందల చదరపు అడుగులు. కోర్వాల్తా పద్నాలుగు వందల ఎనభై ఆరు చదరపు కిలోమీటర్లు. రద్దయిన నేలకు వైశాల్యం ఉండదు, వర్ణన మాత్రమే ఉంటుంది, అందుకే పట్టింది. తూర్పు గది మాత్రం కొంత సాగింది. కిటికీ నుంచి తలుపు దాకా ఇదివరకు ఏడు అడుగులు వేసేదాన్ని. ఇప్పుడు రెండు వందల పదహారు వేయవలసి వస్తోంది.

వచ్చిన కొండ నా కొండ. 1970 ఫిబ్రవరిలో నేను బారోమీటరు భుజాన వేసుకుని ఎక్కి కొలిస్తే 1,106 మీటర్లు వచ్చింది. వాళ్ళ ప్రభుత్వ పటాల్లో 1,109 అని ఉంటుంది. ఇప్పుడు పుస్తకాల బీరువా పక్కన ఒదిగి నిలబడినది కచ్చితంగా 1,106. తక్కిన మూడు మీటర్లు ఏమయ్యాయని ఎవరూ అడగడం లేదు.

అందరూ తెలుగే మాట్లాడుతున్నారు. గ్రంథం తెలుగులో ఉంది కాబట్టి వాళ్ళకు వేరే భాష మిగలలేదు. గ్రంథాన్ని టైపు చేసినాయన గంట్యాడ మనిషి. చేస్తున్నంతసేపూ పైకి చదువుకునేవాడు. అందువల్ల కోర్వాల్తా గొర్రెల కాపరులూ, గని పనివాళ్ళూ, రొట్టెలు కాల్చేవాళ్ళూ ఆయన యాసలో మాట్లాడతారు. అధికారులు మాత్రం ఆరో అధ్యాయంలోని భాష మాట్లాడతారు. పరిపాలన గురించిన ఆ అధ్యాయాన్ని నేనే ఇంట్లో టైపు చేశాను.

కోర్వాల్తాకు రాజధానులు రెండు. 1950లో రెండు ఊళ్ళూ పోటీపడి, ఏదీ తగ్గక, రెండూ గెలిచాయి. అందుకే అధ్యక్షుడు మా భోజనాల బల్లకు ఈ చివర ఒక పాదం, ఆ చివర ఒక పాదం ఆనించి కూర్చుంటాడు. ఒక్కో రాజధానికి పన్నెండుగురు సభ్యులు. ఏ తీర్మానం పెట్టినా పన్నెండుకు పన్నెండు ఓట్లు వస్తాయి. వాళ్ళు బల్లకు ఇటూ అటూ సర్దుకున్న వెంటనే, ఫ్యాను వేయాలా వద్దా అని ఓటు వేస్తారు. ఫ్యాను సగం తిరిగి ఆగిపోతుంది.

ప్రిఫెక్టు బాల్కనీలో నిలబడ్డాడు. ప్రిఫెక్టు అంటే ప్రావిన్సులో కేంద్ర ప్రభుత్వం తరఫు మనిషి.

"లోపలికి రండి, ఎండగా ఉంది," అంటాను.

"ప్రభుత్వం గుమ్మం దాటదండీ," అంటాడు. "బయటినుంచి చూస్తుంది."

వీళ్ళందరి మీదా ఇప్పుడు ఒక కమిషనరు ఉన్నాడు. రద్దయిన తరువాత మిగిలిన పనులు ముగించడానికి ఈ రెండు రాజధానులకూ పైనున్న దేశ రాజధాని నుంచి ఆయనను పంపారు. సన్నటి మనిషి, గోరింట రంగు టై. నా కుర్చీలో, నా చదువుల బల్ల ముందు, నన్ను అడగకుండానే కూర్చున్నాడు. నా కళ్ళజోడు పెట్టెలో రబ్బరు ముద్రలు పెట్టుకున్నాడు. నా గ్రంథం ఆయన ఎదుట తెరిచి ఉంది. ఒక్కొక్క ఊరి పేరు చదివి, ముద్ర వేసి, 'భద్రపరచబడినది' అంటున్నాడు. ఆ కర్మణి వాక్యాలు నావే. వాటిని ఇంకొకరి నోట వినడం నాకు నచ్చడం లేదు.

వంటింట్లో ఎవరో కాఫీ కాస్తున్నారు.

వెళ్ళి చూస్తే ఎఫీసియా. యాభై నాలుగేళ్ళ కింద నేను ఫోస్సామారా అనే గని పల్లెలో పదకొండు రోజులు ఉన్నాను. ఎఫీసియా ఇంట్లో ఉన్నాను. ఆమె, ఆమె తల్లి, ఇంకెవరూ లేరు. అప్పుడు ఆమెకూ నాకూ ఒకటే వయసు. ఇప్పుడూ ఒకటే వయసు. నల్లటి తలగుడ్డ, పొయ్యి మసి పట్టిన మణికట్లు. నా స్టవ్వు ఎప్పుడూ తనదే అయినట్టు మంట తగ్గిస్తోంది.

"ఏటే కనకం, కాఫీ సెంచా ఇంకా మార్సలేదేటి? అప్పుడూ ఇలాగే ఒంకర సెంచాయే ఉండేది నీకాడ."

"నువ్వు ఎలా వచ్చావు, ఎఫీసియా? కమిషనరు జాబితాలో నిన్ను చూడలేదే."

"నీ పుస్తకం మొదల్లో దండాలు పెట్టిన పేజీ ఒకటుంది కదా? అందులోంచి వచ్చీసినాను. 'ఆతిథ్యమిచ్చిన గ్రామీణ మహిళలకు' అని రాసినావు. అది నానే. పేరు రాయలేదు గానీ, నానే." చెంచా జాడించి బల్ల మీద పెడుతుంది. "కూకో. కాఫీకి పిలవలేదు నిన్ను. మా తమ్ముడి సంగతి సెప్తాను."

ఆమె తమ్ముడు బస్తియానో 1964లో గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఇరవై ఆరేళ్ళు. అతణ్ణి ఫోస్సామారా శ్మశానంలో పూడ్చారు. నేను ఆ పల్లెకు వెళ్ళినప్పుడు, మొదటి రోజు సాయంత్రమే ఎఫీసియా నన్ను ఆ సమాధి దగ్గరకు తీసుకువెళ్ళింది. గది చూపించినట్టే, నూతిని చూపించినట్టే దానినీ చూపించింది.

"మొన్న ఆడికి నోటీసు వచ్చింది," అంటుంది ఎఫీసియా. "సమాధి మీద అంటించి పోనారు. సచ్చిపోయిన చోటు రద్దయిపోయింది కాబట్టి సచ్చిపోవడం సెల్లదంట. రెండు గంటల షిఫ్టుకి గనిలోకి దిగమన్నారు."

"గని మూసేసి నలభై ఆరేళ్ళయింది."

"ఆడొక్కడి కోసం తెరుస్తారంట. మరి పింఛనీ లేదు, పెరోలు లేదు. సచ్చినోడికి వయసు పెరగదు కదా, రిటైరు ఎలాగవుతాడు? ఇక ఎప్పటికీ ఆ కన్నంలోనే." ఆమె కళ్ళు నా మీద లేవు, మంట మీద ఉన్నాయి. "ఆడు పదమూడేళ్ళు అందులో పనిసేసినాడు, కనకం. సచ్చిపోయినాకే ఎండలో పడుకున్నాడు. మా శ్మశానానికి దచ్చినం నించి ఎండొస్తాది, నువ్వే సూసినావు."

బస్తియానో నడవాలో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో గని దీపం, జేబులో హాజరు బిళ్ళ. జుట్టు నిండా సున్నపురాతి పొడి. ఎనభై ఎనిమిదేళ్ళ అక్క పక్కన అతడు మనవడిలా ఉన్నాడు.

"నమస్కారమమ్మా," అంటాడు నాతో. "గని ఎటేపో సెప్తారా? ఇందాకట్నించీ ఎతుకుతున్నాను. నది కనబడింది, రెండు రాజధానులూ కనబడ్డాయి. మా ఊరే అవుపడ్డం లేదు."

"తొందరేటిరా నీకు?" అంటుంది అక్క. "అరవై ఏళ్ళు పడుకుని లేసి, షిఫ్టుకి ఆలస్యమైపోతున్నట్టు!"

"ఆలస్యమైతే మేస్త్రీ సగం దినం కూలి కోసేసేవోడప్పా. అలవాటు," అంటాడు. వాళ్ళ యాసలో అక్కను అప్ప అంటారు.

గోడ గడియారంలో తొమ్మిదీ పది. నేను కమిషనరు దగ్గరకు వెళతాను. తూర్పు గది దాటడానికి రెండు వందల పదహారు అడుగులు. వాటిలో ప్రతి అడుగుకూ నా కోపం ఒక మెట్టు పైకి పోతుంది. ఆ గది చివరికి చేరేసరికి నేను చాలా మర్యాదగా ఉన్నాను.

"బస్తియానో అనే వ్యక్తికి మీరు పంపిన నోటీసు ఉపసంహరించుకోండి," అంటాను.

"ఏ ఊరు?"

"ఫోస్సామారా."

ఆయన పేజీలు తిప్పుతాడు. "వర్ణనలో చేరిన స్థలములందలి మరణములు యథాతథముగా చెల్లును. వర్ణనలో చేరని స్థలములు ప్రావిన్సుతో పాటు రద్దగును. రద్దయిన స్థలమునందు ఎవరును మరణించి ఉండజాలరు. ఫోస్సామారా ఏ పేజీలో ఉన్నదో తమరే చూపండి."

నేను నవ్వుతాను. నేను ఆ ఊళ్ళో పదకొండు రోజులు తిన్నాను, పడుకున్నాను, జ్వరం తెచ్చుకుని తగ్గించుకున్నాను. అయిదో అధ్యాయం, జనావాసాలు, పుట నూట నలభై ఏడు. చూస్తాను. అందులో నలభై మూడు ఊళ్ళున్నాయి. ఫోస్సామారా లేదు.

మడత పటం విప్పుతాను. నైరుతి మూలన, సముద్రానికి కాస్త ఇవతల, ఫోస్సామారా ఉండవలసిన చోట, ఒక చక్కని పెట్టె ఉంది. అందులో స్కేలు, గుర్తుల సూచిక, వాటి కింద నా దస్తూరీలో 'రచన: అయ్యగారి కనకవల్లి'.

నాకు అంతా జ్ఞాపకం వస్తోంది. జ్ఞాపకం వచ్చిన క్రమంలో కాక, జరిగిన క్రమంలో చెబుతాను.

చిన్న పటంలో అన్ని ఊళ్ళూ పట్టవు. కొన్నిటిని వదిలేయాలి. దానికి మాలో ఒక నియమం ఉంది: రెండు వందల మంది కన్నా తక్కువ ఉన్న పల్లెను పటం నుంచీ జాబితా నుంచీ తీసేస్తాం. ఫోస్సామారాలో నేను ఇంటింటికీ తిరిగి లెక్కపెడితే నూట తొంభై ఎనిమిది వచ్చింది. కాబట్టి తీసేశాను. తీసేశాను కాబట్టి ఆ మూల ఖాళీ అయింది. ఖాళీ అయింది కాబట్టి పెట్టె గీసి నా పేరు రాసుకున్నాను. పటం చూడముచ్చటగా వచ్చింది కాబట్టి కోర్వాల్తా రోడ్ల శాఖ దానిని తెప్పించుకుంది. కొత్త రోడ్డు నా పేరును చుట్టి వెళ్ళింది. రోడ్డు చుట్టి వెళ్ళింది కాబట్టి బస్సు చుట్టి వెళ్ళింది. బస్సు రాలేదు కాబట్టి టీచరు రాలేదు, టీచరు రాలేదు కాబట్టి పిల్లలున్నవాళ్ళు వెళ్ళిపోయారు, ఆ తరువాత గని మూశారు, ఆ తరువాత చర్చి గంటను లారీలో ఎక్కించుకుపోయారు. ఊరివాళ్ళకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. రోడ్డు మీద తెచ్చుకున్నారు.

"ఎన్ని గంటలయింది?" అంటాడు గుమ్మం దగ్గర నిలబడ్డ బస్తియానో.

పదకొండుంబావు.

ఎఫీసియా కాఫీ కప్పుతో వచ్చి నా భుజం మీదుగా పటంలోకి చూస్తుంది.  ఆమెకు తెలుగు చదవడం ఇవాళ ఉదయం నుంచే వచ్చు.

"ఒలే," అంటుంది. "మా ఊరి మీద నీ పేరు రాసీసుకున్నావేటే?"

నేను పటం మడతను అరచేత్తో సర్దుతాను.

"ఎంతమందన్నావు మమ్మల్ని?"

"నూట తొంభై ఎనిమిది."

"ఎవరెవరు?"

లెక్క పుస్తకం బీరువా అడుగున ఉంది. తీస్తాను. కొలిమి ఇల్లు, ఏడుగురు. మేకల ఇల్లు, అయిదుగురు. ఇద్దరు కవలలున్న ఇల్లు, తొమ్మిది మంది. ఎఫీసియా కళ్ళు మూసుకుని వింటుంది, ప్రతి ఇంటికీ ఒక వేలు ముడుస్తుంది. ముప్పై ఒక్క ఇళ్ళు చదివి ఆపుతాను.

"మా ఇల్లేదే?" అంటుంది.

మా పద్ధతిలో ఇంకొక నియమం ఉంది. పరిశీలకుడు బస చేసిన ఇంటిని పరిశీలనలో చేర్చరాదు; ఆతిథ్యం వల్ల అభిప్రాయం వంగుతుంది. దానిని మకాం నియమం అంటారు. మా గురువుగారు దానిని గర్వంగా చెప్పేవారు. నేనూ గర్వంగా పాటించాను. కలం, పుస్తకం పట్టుకుని రోజూ ఆ ఇంట్లోంచి బయలుదేరి ఊరంతా లెక్కపెట్టి, తిరిగి ఆ ఇంటికే వచ్చి శెనగల సూపు తాగి పడుకున్నాను. ఆ సూపు పోసిన ఇద్దరు ఆడవాళ్ళను లెక్కపెట్టలేదు.

నూట తొంభై ఎనిమిదీ ఇద్దరూ రెండు వందలు.

"పదకొండు దినాలు," అంటుంది ఎఫీసియా. గొంతు పెంచదు. "నీ తడి మేజోళ్ళు నా పొయ్యి మీద ఆరబెట్టినాను. నీకు జొరమొస్తే మాయమ్మ నీ పక్కన నేల మీద పడుకుంది. నువ్వు మమ్మల్ని మనుసుల్లో రాయలేదు."

"నియమం అది."

"నియమమేటే? నీ కడుపులోకెల్లినప్పుడు లేదేటి నియమం?"

నా గదిలో కొండ చిన్నగా కదిలి, బీరువాకు తగిలి, మళ్ళీ సర్దుకుంటుంది. నాకు కమిషనరు మీద ఉన్న కోపం ఎక్కడికీ పోలేదు. దాని పక్కన ఇంకొక కోపం వచ్చి కూర్చుంది. అది వయసులో పెద్దది. దానికి లేచి చోటివ్వవలసి వస్తుంది.

పన్నెండూ పదికి కమిషనరు ముందు సవరణ పత్రం పెడతాను. ఫోస్సామారా జనాభా రెండు వందలు, నియమానుసారం పటంలో ఉండవలసిన ఊరు, గ్రంథకర్త పొరపాటు.

"సవరణకు పర్యవేక్షకుని సంతకము అవసరము."

"ఆయన 1988లో పోయారు. విశాఖపట్నంలో పోయారు. అది ఇంకా రద్దు కాలేదు కాబట్టి పిలిస్తే రారు."

"అట్లయిన, కౌన్సిలు అంగీకారము."

కౌన్సిలు ఓటు వేస్తుంది. ఫోస్సామారా ఉందని పన్నెండు మంది, లేదని పన్నెండు మంది. లేదన్నవాళ్ళలో ఒకడు ఆ ఊరి అల్లుడు. అధ్యక్షుడు తన ఓటుకోసం రెండు పాదాల వైపూ చూసుకుని, వేయనంటాడు.

"ఆ ఇద్దరు స్త్రీలు ఆ ఇంటియందు ఉండిరని రుజువేమి?" అంటాడు కమిషనరు. ముద్రలు సర్దుకుంటున్నాడు. ఆయనకు ఇది మధ్యాహ్న భోజనానికి ముందు మిగిలిన చివరి కాగితం.

బస్తియానో దీపం కింద పెడతాడు. "నాకు సదువు రాదు బాబూ. ఒక్కటే అడుగుతాను. ఆ ఇంట్లో మా యప్పా మా యమ్మా లేకపోతే, ఈ మామ్మగారు పదకొండు దినాలు ఏటి తిని బతికినట్టు? రాళ్ళా?"

కమిషనరు ఈ ప్రశ్నను కొట్టివేయడు. నాలుగో అనుబంధం తెరుస్తాడు. అది ఊరి పేరు ఎత్తకుండా, ఆ నైరుతి కొండవాలు మీద నేను గుర్తించిన రాళ్ళ జాబితా. వేలుతో లెక్కపెడతాడు. ఏ రాయీ తగ్గలేదు.

"అంగీకరింపబడినది," అంటాడు, అయిష్టంగా. "ఇద్దరు స్త్రీలు ఉండిరి. ఊరు రెండు వందలు. అయినను పటమున దానికి స్థలము లేదు. ఆ స్థలమును తమ పేరు ఆక్రమించి ఉన్నది. రెండు గంటలలోగా ఖాళీ అయిన, మరణము చెల్లును. కానిచో..." నడవా వైపు తల తిప్పుతాడు. నడవా చివర, మామూలుగా చెప్పుల స్టాండు ఉండే చోట, ఒక ఇనుప పంజరం వచ్చి ఆగి ఉంది. మనుషులను గనిలోకి దించే పంజరం. తలుపు తెరిచి ఉంది. కింది నుంచి చల్లటి గాలి వస్తోంది.

ఒంటిగంటా ఇరవై.

ఆ మడత పటం పలుచని ట్రేసింగ్ గుడ్డ మీద సిరాతో గీసినది, రబ్బరుతో పోదు. సగం బ్లేడుతో, పదును అడ్డంగా పట్టుకుని, గుడ్డ చిరగకుండా గీకాలి. ఆ పని నేను ఒకప్పుడు ఎవరికన్నా బాగా చేసేదాన్ని. ఇప్పుడు బ్లేడు గీత దాటి జారుతోంది. ఎఫీసియా నా మోచేతి కింద తన అరచేయి పెట్టి పట్టుకుంటుంది.  ఆ చేతి మీద ఆనుకోవడం నాకు సిగ్గుగా ఉంది. ఆనుకుంటాను.

ముందు గుర్తుల సూచిక గీకుతాను. దాని కింద నుంచి మేకల దారి బయటపడుతుంది. స్కేలు గీకుతాను. నుయ్యి బయటపడుతుంది, తడి వాసనతో. తరువాత ఇంటిపేరు. ఒక్కొక్క అక్షరానికి రెండేసి ఇళ్ళు లేస్తాయి. పొగ గొట్టాలు, ఆరవేసిన దుప్పట్లు, కొలిమి ఇంటి కుక్క. తరువాత నా పేరు. 'క' కింద చర్చి ఉంది, గంట లేకుండా. 'న' కింద రొట్టెల పొయ్యి. మిగతా అక్షరాల కింద ఏమున్నాయో నాకు తెలుసు. చివరి అక్షరానికి వచ్చేసరికి బయట తలుపు మీది నా ఇత్తడి పేరు పలక నున్నగా అయిపోయిందని ప్రిఫెక్టు బాల్కనీ నుంచి తెలియజేస్తాడు.

"ఇప్పుడు నన్నేమని పిలుస్తావు?" అంటాను ఎఫీసియాతో.

"ఒలే అంటాను. దానికి పేరెందుకు? సివరిది కూడా తీసీయ్."

చివరి అక్షరం కింద శ్మశానం ఉంది. దక్షిణం గోడ మీద ఎండ పడుతోంది. తెరిచిన గొయ్యి ఒక్కటే.

బస్తియానో బూట్లు విప్పి గోడ పక్కన జతగా పెడతాడు. దీపం ఎవరికివ్వాలో తెలియక చుట్టూ చూస్తాడు.

"ఉత్తర్వు ఖాళీగా తిరిగి రారాదు," అంటాడు కమిషనరు. "స్థలము లేని వ్యక్తి ఒకరు రెండు గంటలకు దిగవలసినదే. ఇప్పుడు తమకు పేరు లేదు గనుక..."

"పేరు లేదు. స్థలం ఉంది," అంటాను. "నేను విశాఖపట్నంలో పుట్టాను, ఇక్కడే ఉన్నాను, నా మీద ఏ ఉత్తర్వూ లేదు. మీరు ఏ పేజీలో ఉన్నారు?"

ఆయన అర్థం కానట్టు చూస్తాడు.

"ఆరో అధ్యాయంలో అధ్యక్షుడున్నాడు, కౌన్సిలు ఉంది, ప్రిఫెక్టు ఉన్నాడు. కమిషనరు రద్దయిన తరువాత వచ్చినవాడు. మిమ్మల్ని నేను వర్ణించలేదు. వెతకండి."

ఆయన వెతుకుతాడు. మొదట తొందర లేకుండా, తరువాత రెండు చేతులా. నూట అరవై నుంచి రెండు వందల నాలుగు దాకా, మళ్ళీ వెనక్కి, అనుబంధాలు, ఆధార గ్రంథాలు, చివరికి రాళ్ళ జాబితా. గడియారం ఒంటిగంటా యాభై ఏడు చూపుతుంది. కౌన్సిలు సభ్యులు ఇరవై నలుగురూ ఆయన వైపు చూస్తున్నారు. ఎవరూ ఓటు అడగలేదు. అయినా ఇరవై నాలుగు చేతులూ పైకి లేస్తాయి. కోర్వాల్తా చరిత్రలో ఇది మొదటి ఏకగ్రీవం.

"దండాల పేజీలో సూడండి బాబూ," అంటుంది ఎఫీసియా. "నాను అందులోంచే వచ్చినాను. ఎవరికైనా ఒక పూట అన్నమెట్టుంటే ఉంటారు."

ఆయన ఆ పేజీ తీస్తాడు. మూసేస్తాడు.

బస్తియానో దీపం ఆయన చేతిలో పెడతాడు. హాజరు బిళ్ళ జేబులో వేస్తాడు. "మూడో మలుపు కాడ తల వొంచాలి," అని చెబుతాడు, కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పినట్టు. "పైకప్పు నీరు కారితే అక్కడ నిలబడకండి. అలాగే పోనాను నాను." కమిషనరు పంజరంలోకి నడుస్తాడు. టై సర్దుకుంటాడు. తలుపు పడుతుంది. పంజరం దిగుతున్నంతసేపూ 'భద్రపరచబడినది, భద్రపరచబడినది' అని వినిపిస్తుంది. తరువాత తాడు చప్పుడు మాత్రం.

బస్తియానో గోతిలో వెల్లకిలా పడుకుంటాడు. నేను గీకి శుభ్రం చేసిన ట్రేసింగ్ గుడ్డను ఎఫీసియా అతడి గడ్డం దాకా కప్పి, అంచులు ఒత్తుతుంది.

"ఎండ ఎక్కువగా ఉందేటిరా?"

"లేదప్పా. సరిపోయింది."

రెండవుతుంది. గని సైరను మోగదు.

నేను బ్లేడు తుడుచుకుంటాను. నా పని అయిపోయిందనుకుంటాను. అప్పుడు పంజరం మళ్ళీ పైకి వస్తున్న చప్పుడు వినిపిస్తుంది.

అందులో కమిషనరు లేడు. ఎనిమిది మంది ఆడవాళ్ళున్నారు. తలగుడ్డలు, మసి చేతులు, ఒక్కొక్కరి చేతిలో కాఫీ కప్పు. దిగి, వరసగా నిలబడతారు. పంజరం దిగి ఇంకా ఎనిమిది మందిని తెస్తుంది.

"ఎవరు వీళ్ళు?" అంటాను.

ప్రిఫెక్టు బాల్కనీ నుంచి గొంతు సవరించుకుంటాడు. కోర్వాల్తా గణాంక శాఖ 1974లో నా గ్రంథంలోని మకాం నియమాన్ని స్వీకరించిందని ఆయన తెలియజేస్తాడు. దానివల్ల ప్రతి ఉద్యోగికీ రోజుకు ఒక ఇల్లు తక్కువయింది కాబట్టి వాళ్ళు దానిని ఇష్టపడ్డారు. రోజుకొక ఇంట్లో దిగారు. దిగిన ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళు పక్కింటి అరుగు మీద కూర్చుని అక్కడి లెక్కలోకి ఎక్కారు. వంటింట్లో ఉన్నవాళ్ళు మిగిలిపోయారు. అయిదు జనాభా లెక్కలు అలాగే జరిగాయి. జనాభా లక్షా ఇరవై వేలకన్నా తగ్గితే ప్రావిన్సును రద్దు చేయాలన్నది చట్టం. చివరి లెక్కలో తొమ్మిది వేలు తగ్గాయి.

"మీకు తెలుసా ఇది?" అంటాను.

"ప్రభుత్వం చూస్తుందని మనవి చేశాను కదండీ," అంటాడు. "లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు."

నేను లెక్క పుస్తకంలో కొత్త పేజీ తీస్తాను. పైన ఫోస్సామారా అని రాసి, మొదటి పేరు ఎఫీసియా అని, రెండోది ఆమె తల్లిది రాస్తాను. వరస నడవా దాటి, తూర్పు గది రెండు వందల పదహారు అడుగులూ దాటి, మెట్ల మీదుగా మూడంతస్తులు దిగి, వాల్తేరు రోడ్డు పట్టుకుని బీచి దాకా పోతుంది. కప్పుల్లో కాఫీ చల్లారడం లేదు. ఒక్కొక్కరినీ పేరు అడుగుతాను. చెబుతారు. చాలామంది, ఇంతవరకు ఎవరూ అడగలేదు గనుక, ఒకసారి ఆలోచించుకుని చెబుతారు.

తొమ్మిది వేలు దాటినప్పుడు అధ్యక్షుడు రెండు పాదాలూ ఒక చోటికి తెచ్చుకుని లేచి నిలబడతాడు.

"ఇక చాలండీ," అంటాడు ప్రిఫెక్టు. "ప్రావిన్సు నిలబడుతుంది."

"ప్రావిన్సు కోసం కాదు," అంటాను.

వెనక గదిలో కొండ ఒక మీటరు పెరుగుతుంది, తరువాత ఇంకొకటి, తరువాత మూడోది. అక్కడ ఆగదు. నాలుగో అంతస్తులో ఎవరివో గిన్నెలు జారుతున్న చప్పుడవుతుంది. ఎఫీసియా మళ్ళీ నా మోచేయి పట్టుకుంటుంది. నేను బాల్కనీలోకి వెళ్ళి, ప్రిఫెక్టును పక్కకు జరగమని, వరస చివర ఎక్కడుందో చూస్తాను.

వరస ఒడ్డు చేరి, ఆగక, నీటి మీదుగా పోతోంది. వాళ్ళు నడిచి వెళుతున్నకొద్దీ సముద్రం కొంత ఆలోచిస్తుంది. తరువాత తడి కొంగు కూడదీసుకుని లేచి నిలబడుతుంది. ఎవరినీ తోయకుండా, వాళ్ళ పక్కనే దూరం నడిచి, వరస చిట్టచివరికి వెళ్ళి, నిండు కప్పు ఒకటి రెండు చేతులా పట్టుకుని, నేను తన పేరు అడిగేదాకా నిలబడుతుంది. అది లేచి వెళ్ళిన చోట నేల నల్లగా, తడిగా, ఏ పటంలోనూ లేకుండా పరుచుకుని ఉంది.